తలుపు తీస్తే లైటు దాక్కుంటోంది, అడిగితే అన్నయ్య అలుగుతున్నాడు

ఈసారి ఉత్తరం బెజవాడ నుంచి. పేరు వద్దన్నారు, సరే. ఆరు పేజీలు రాసారు, అందులో నాలుగు పేజీలు లైట్ల గురించే. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది నాకు, రెండోసారి చదివితే రాలేదు. పొడుగు ఉత్తరం కాబట్టి నా మాటల్లో చెప్తాను.

ఆవిడకి 41 ఏళ్ళు. భర్త గుంటూరులో లెక్చరర్, రోజూ పోయొస్తుంటారు. ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తగారు. ఆయనకి చాన్నాళ్ళ నుంచి ఒకటే పిచ్చి, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే కారవాన్ ఒకటి ఉండాలని. షూటింగుల్లో హీరోలు కూర్చునే బస్సులాంటిది కాదు, చిన్నది, మంచాలు, స్టవ్వు, సింకు, అంతే. ఆవిడ సొంత అన్నయ్యకి ఆటోనగర్‌లో బాడీలు కట్టే షెడ్డు ఉంది, లారీలకి, స్కూలు బస్సులకి కడతాడు. బావగారి ముచ్చట విని "బయటెందుకు, నేను కట్టిస్తా" అన్నాడు. ఎనిమిది నెలలు పట్టింది, మధ్యలో తన పనులు చూసుకుంటూ కట్టాడు. మెటీరియల్ డబ్బులు తీసుకున్నాడు గానీ లేబర్ రూపాయి తీసుకోలేదు.

బండి బాగా వచ్చిందట. రిజిస్ట్రేషను, అవీ సక్రమంగానే అయ్యాయట. చిక్కంతా బయట లైట్ల దగ్గరే. తలుపు పక్కన గోడకి పల్చటి లైటు ఒకటి బిగించాడు. తలుపు పూర్తిగా తీసి గోడకి ఆనించి కొక్కెం వేస్తే తలుపు సరిగ్గా ఆ లైటు మీదకి వచ్చి కూర్చుంటోంది. దిగేటప్పుడు వెలుతురు కావాలా, అప్పుడే లైటు తలుపు వెనకాల ఉంటోంది. ఇంకోటి, పక్కకి చాచుకునే గుడ్డ పందిరి ఉంటుంది కదా, దానికి పైన పొడుగు ఎల్ఈడీ పట్టీ వేశాడు. పందిరి చాచాక వెలుగంతా గుడ్డ పైన పడుతుంది, కింద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి పంచుతున్న పులిహోర కూడా కనపడదు. ఇక బండి వెనక 40 వాట్ల ఫ్లడ్ లైటు, రాత్రిపూట బండి పెట్టుకోడానికి పనికొస్తుందని.

సంక్రాంతి సెలవులకి సూర్యలంక బీచికి వెళ్ళారు. అర్ధరాత్రి అత్తగారు బాత్రూంకని దిగుతూ మెట్టు కనపడక ఇసకలోకి పడ్డారు, మడమ మడతపడి మూడు వారాలు కట్టు. తిరిగొచ్చేటప్పుడు వెనక ఫ్లడ్ లైటు ఆపడం మర్చిపోయారు, పగలు బయల్దేరారు కాబట్టి తెలియలేదు. గుంటూరు దాటి హైవే ఎక్కేసరికి చీకటి పడింది, వెనకున్న లారీ మంగళగిరి దాకా హారన్ కొడుతూనే ఉంది, చివరికి పక్కకొచ్చి డ్రైవరు తిట్టిన తిట్లు పిల్లలు ఇప్పటికీ నేర్చుకున్న పాఠంలా అప్పజెప్తున్నారట.

మర్నాడే భర్తగారు షెడ్డుకెళ్ళి, పనివాళ్ళందరి ముందూ, "బావగారూ, లైటు బిగించేముందు తలుపు తీసి చూశారా అసలు?" అన్నారు. అన్నయ్య "ఊరికే చేసిపెట్టిన దానికి ఇన్ని వంకలా" అని లోపలికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మాటల్లేవు. ఈవిడ మధ్యలో నలిగిపోయి ఇద్దరికీ రెండు అబద్ధాలు చెప్పారు. అన్నయ్య బాధపడుతున్నాడని భర్తకి చెప్పారు, అన్నయ్య అలాంటిదేం అనలేదు. అత్తగారు వానకి మెట్టు తడిసి జారారని అన్నయ్యకి చెప్పారు. సంక్రాంతికి వానేంటమ్మా! ఇప్పుడు భర్తేమో వేరే షెడ్డుకి తీసుకెళ్ళి మార్పించేద్దాం అంటున్నారు, అత్తగారేమో ఇక ఆ బండి ఎక్కను అంటున్నారు, వచ్చే నెల మేనకోడలి ఓణీల ఫంక్షను. నేనేం చెయ్యాలి అని అడిగారు.

అమ్మా, ముందు మీ అన్నయ్య సంగతి మాట్లాడుకుందాం. ఆయనకి పని రాక అలా పెట్టాడని మీవారు అనుకుంటున్నారు, మీకూ లోపల్లోపల ఆ అనుమానం ఉంది, రాయలేదు గానీ తెలుస్తోంది. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఫోన్లో యూరప్ వాళ్ళ కారవాన్ వీడియోలు చూసి, వాటిని ఆపి ఆపి కొలతలు గీసుకున్నాడని మీరే రాశారు. అక్కడే వచ్చింది తేడా. ఫ్రాన్సు, జర్మనీల్లో బళ్ళు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, అందుకని కారవాన్ తలుపు కుడిపక్కన ఉంటుంది, దిగితే రోడ్డు మీదకి కాకుండా అంచుకి దిగుతాం. మనం ఎడమవైపు నడుస్తాం, ఇంగ్లండు వాళ్ళ లాగే, కాబట్టి తలుపు ఎడమపక్కన ఉండాలి. అన్నయ్య అది సరిగ్గానే మార్చాడు. మడతబందులు కూడా తలుపుకి ముందువైపు అంచున పెట్టాడు, అదీ రైటే, దారిలో గడియ ఊడినా గాలి తోసి తలుపు మూసుకుపోతుంది తప్ప విరుచుకుని తెరుచుకోదు. స్కూలు బస్సులు కట్టే మనిషి కాబట్టి అది తట్టింది.

ఇప్పుడు బయట నిలబడి ఆ తలుపుని చూస్తున్నట్టు ఊహించుకోండి. వీడియోలో బండికి మడతబందులు మనకి కుడిచేతి వైపు ఉంటాయి, లైటు ఎడంచేతి వైపు, అంటే పిడి ఉన్న పక్క. అన్నయ్య తలుపుని అటుదిటు తిప్పాడు, మడతబందులు తిప్పాడు, లైటుని మాత్రం వీడియోలో ఉన్నట్టే "తలుపుకి ఎడమపక్క" అని ఉంచేశాడు. మన బండిలో ఎడమపక్క అంటే మడతబందుల పక్క. అద్దంలో చూసి జడేసుకుంటూ ఒక పాయ మర్చిపోయినట్టు, అంతే. ఇది పనిరాని మనిషి చేసే తప్పు కాదు, అన్నీ జాగ్రత్తగా చేసిన మనిషికి ఆఖర్లో జరిగే తప్పు. ఈ మాట మీవారికి ఇలాగే, కాగితం మీద రెండు గీతలు గీసి చూపించండి. లెక్చరర్ గారు కదా, బొమ్మేస్తే వింటారు.

ఇంకో సంగతి. ఆ షెడ్డు సాయంత్రం ఎన్నింటికి మూస్తారు? ఆరు, ఆరున్నర. బండి ఎనిమిది నెలలు అక్కడుంది, ఒక్క రాత్రి కూడా చీకట్లో ఆ తలుపు తీసి ఎవరూ దిగి ఉండరు. లైటు వెలుగుతోందా అని స్విచ్చు వేసి చూసుంటారు, వెలిగింది, అయిపోయింది. మీవారు కూడా డెలివరీ రోజు పట్టపగలే కదా చూసుకున్నారు, పందిరి చాపి ఫోటోలు దిగారని రాశారు, ఆ ఫోటోల్లో ఆ పట్టీ గుడ్డకి పైన కనపడుతూనే ఉంటుంది, వెళ్ళి చూడండి. అప్పుడు ఆయనకీ తట్టలేదు.

మా నాన్నగారికి రెండు టూరిస్టు బస్సులుండేవి, మాది గుంటూరు. తిరుపతి, శ్రీశైలం ట్రిప్పులు తిప్పేవారు. కొత్త బాడీ కట్టించుకుని వచ్చిన బస్సు ఒకటి, మెట్ల దగ్గర బల్బు డ్రైవరు సీటు వెనక ఎక్కడో పెట్టారు, దిగేవాళ్ళ నీడే వాళ్ళ కాళ్ళ మీద పడేది. నాన్న గొడవేం పెట్టుకోలేదు. బాడీ కట్టినాయన్ని రాత్రి భోజనానికి పిలిచారు, తిన్నాక "ఈ క్యారేజీ కాస్త బస్సులోంచి దింపి ఇంట్లో ఇవ్వవయ్యా" అన్నారు. నాలుగు గిన్నెల క్యారేజీ, అడుగున సాంబారు. ఆయన రెండో మెట్టు దగ్గర ఆగిపోయాడు, కాలు గాల్లో పెట్టి వెతుక్కుంటున్నాడు. అరుగు మీద కూర్చుని నేను చూస్తున్నాను, నాకప్పుడు పదేళ్ళు. మర్నాడు పొద్దున్నే మనిషిని పంపించి బల్బు మార్పించాడాయన, ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ క్యారేజీయే గుర్తొచ్చింది నాకు.

సరే, దారులేంటో చూద్దాం. మీకున్నవి రెండు మూడున్నాయి, ఏదీ పూర్తిగా సుఖమైంది కాదు.

వేరే షెడ్డుకి తీసుకెళ్ళడం. పని రెండు గంటల్లో అయిపోతుంది, మీవారి కోపం చల్లారుతుంది. కానీ ఆటోనగర్‌లో కారవాన్ అంటే ఎన్ని తిరుగుతాయమ్మా, మీ బండి గేటు దాటగానే టీకొట్టు దగ్గరే మీ అన్నయ్యకి కబురు చేరుతుంది, "మీ బావ ఫలానా షెడ్డులో మీ పని సరిచేయిస్తున్నాడంట" అని. ఆయనకి లైటు తప్పుగా పెట్టానన్న బాధ కంటే ఈ మాట ఎక్కువ తగులుతుంది, ఆయన బతికేది ఆ పేరు మీదే కదా. ఇంకోటి కూడా ఉంది. కొత్త చోట కన్నం పెడితే, పాత కన్నం మూస్తే, రేపు వానాకాలంలో గోడలోకి నీళ్ళు దిగితే ఎవర్నడుగుతారు? ఇలాంటి బళ్ళ గోడలో బయట షీటు, మధ్యలో ఫోము, లోపల ప్లైవుడ్డు ఉంటాయి, కన్నం సరిగ్గా సీలు చెయ్యకపోతే నీళ్ళు లోపలే నానుతుంటాయి, ప్లైవుడ్డు ఉబ్బి మెత్తబడేదాకా పైకి తెలీదు. అప్పుడు అన్నయ్య "నేను కట్టినప్పుడు లేదే" అంటాడు, ఆ షెడ్డాయన "మేం లైటే పెట్టాం" అంటాడు. ఇవన్నీ పడతాం అనుకుంటే వెళ్ళండి, కానీ వెళ్ళేముందు అన్నయ్యకి మీ నోటితో చెప్పి వెళ్ళండి, టీకొట్టు నోటితో కాదు.

ఎవరికీ చెప్పకుండా మీరే సర్దుకోవడం. ఇదీ తీసిపారేసే దారేం కాదు. మీవారు తలుపుకి గొలుసు కట్టి సగమే తెరుచుకునేలా చేద్దాం అన్నారట, అది మాత్రం పనికిరాదు. తలుపు గోడకి ఆనకుండా ఎదురుగా నిలబడినా, లైటు తలుపుకి అవతలే ఉంటుంది, మెట్టు ఇవతలుంటుంది, నీడ అక్కడే పడుతుంది. పైగా గాలొస్తే తలుపు కొట్టుకుని గొలుసు స్క్రూలు ఊడొస్తాయి. దానికి బదులు మనిషి కదిలితే వెలిగే చార్జింగు లైట్లు దొరుకుతున్నాయి, వెనక అంటించుకునే పట్టీతో వస్తాయి, తలుపు చట్రానికి లోపలివైపు అడుగున ఒకటి, మెట్టు అంచు కింద ఒకటి అంటించండి. డ్రిల్లు అక్కర్లేదు, వైరు అక్కర్లేదు. అత్తయ్యగారు కాలు పెట్టేచోటు కనపడుతుంది. కానీ వారానికోసారి చార్జింగు పెట్టుకోవాలి, సముద్రపు ఉప్పుగాలికి చవకవి తొందరగా పోతాయి, అసలు గొడవ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఫంక్షనుకి ముందు ఎక్కడికైనా వెళ్ళాల్సొస్తే ఇది చేసేయండి, దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఇక అన్నయ్య చేతే సరిచేయించడం. నాకు నచ్చిన దారి ఇదే, దాచుకోను, కానీ ఇందులో మీరు కాస్త సిగ్గు పడాల్సొస్తుంది, ఆ రెండు అబద్ధాలూ వెనక్కి తీసుకోవాలి. అత్తగారు ఎలా పడ్డారో అన్నయ్యకి నిజం చెప్పకుండా "లైటు మార్చు" అంటే ఆయనకది బావగారి వంకలాగే వినపడుతుంది. డెబ్బై ఏళ్ళావిడ చీకట్లో మెట్టు దొరక్క పడిపోయింది అంటే అది వేరే మాట. మీ అన్నయ్య గురించి మీరు రాసినంతలో, అది విని కూర్చునే మనిషి కాదు ఆయన. మీరు వాన కథ చెప్పి ఆయన్ని కాపాడాననుకున్నారు గానీ, నిజానికి ఆయనకి సరిదిద్దుకునే అవకాశమే లేకుండా చేశారు. నిష్ఠూరంగా ఉన్నా అంటున్నాను, ఏమనుకోకండి.

మీవారితో కూడా. "అన్నయ్య బాధపడుతున్నాడు" అని మీరు చెప్పారు కాబట్టే ఆయన, బాధపడేవాడు వచ్చి సరిచేయొచ్చుగా అని ఎదురుచూస్తూ ఇంకా మండిపోతున్నారు. అన్నయ్య అలాంటి మాటేం అనలేదు, నేనే సర్దాను అని ఒప్పుకోండి. ఒక పూట ముఖం మాడ్చుకుంటారు. ఆ తర్వాత పనివాళ్ళ ముందు అలా అనకుండా ఉండాల్సింది అని ఆయన కూడా ఒప్పుకునే వీలుంటుంది, ఎందుకంటే ఆ తప్పు మాత్రం ఆయనదే. షెడ్డులో పాతికమంది కుర్రాళ్ళ మీద అజమాయిషీ చేసే మనిషిని వాళ్ళ ముందే "తలుపు తీసి చూశారా" అంటే, క్లాసులో పిల్లల ముందు ఎవరైనా వచ్చి "సార్, మీకు లెక్క వచ్చా" అన్నట్టే కదా.

అసలు ముడి ఇంకొకటుంది, లైటు కంటే పాతది. లేబర్ తీసుకోకపోవడం. ఊరికే చేయించుకున్న పనిలో తప్పు చెప్పాలంటే మనకి నోరు రాదు, వస్తే ఇలా పెడసరంగా వస్తుంది. ఊరికే చేసినవాడికి తప్పు వింటే పని మీద కాకుండా తన మనసు మీద అన్నట్టుంటుంది. ఎనిమిది నెలల లేబర్ ఇప్పుడు లెక్కగట్టి కవరులో పెట్టి ఇస్తే అన్నయ్య విసిరికొడతాడు, ఇవ్వకండి. కానీ రెండోసారి చేసే పనికి మాత్రం, వైరింగు చేసే కుర్రాడి కూలి నేరుగా ఆ కుర్రాడి చేతిలో మీవారే పెట్టాలి, అన్నయ్య వద్దన్నా సరే. "మీకు కాదు బావగారూ, అతని కష్టానికి" అంటే కాదనలేడు. మిగిలిన రుణం సంగతి మేనత్తగా మేనకోడలికి పెట్టేదాంట్లో మీరెలాగూ చూసుకుంటారు, అది నేను చెప్పాలా.

ఎలా పిలవాలి అంటే, షెడ్డుకి బండి తోలుకెళ్ళొద్దు. అన్నయ్యని, వదినగారిని ఇంటికి భోజనానికి పిలవండి, రాత్రిపూట, బండి ఇంటి ముందే ఉంటుంది కదా. ఫంక్షను పిలుపులకి ఎలాగూ వాళ్ళే మీ ఇంటికి రావాలి, ఆరోజే కుదిరితే ఇంకా మంచిది. అత్తయ్యగారి కాలి సంగతి ముందే ఫోన్లో చెప్పేసి ఉండండి. వచ్చాక బండిలోకి వెళ్ళి కూర్చుని కాఫీ తాగండి, వీధిలైటు పడకుండా చూసుకోండి, దిగేటప్పుడు ఆయన్నే ముందు దిగనివ్వండి, చేతిలో కాఫీ గ్లాసుల ట్రే పెట్టి. మీవారు ఆ టైములో నోరు మెదపకూడదు, అది ముందే మాట తీసుకోండి.

ఆయన "అవును, ఇక్కడ కనపట్లేదు" అన్నాక, పాత లైటు పీకమని మాత్రం అడక్కండి. ఇది గట్టిగా చెప్తున్నాను. తలుపు మూసి బయట కుర్చీలేసుకుని కూర్చున్నప్పుడు ఆ లైటు శుభ్రంగా పనికొస్తుంది, అన్నయ్య పెట్టింది అన్నయ్య పెట్టినచోటే ఉంటుంది, కన్నం పూడ్చే బాధ తప్పుతుంది. ఇంకో చిన్న లైటు కలపడమే. పిడి ఉన్న పక్క, నిలబడిన మనిషి తలకంటే కాస్త ఎత్తులో, వెలుగు కిందకే పడేలా మూత ఉన్నది ఒకటి. కళ్ళ ఎత్తులో పెడితే దిగేవాళ్ళ కళ్ళలో కొడుతుంది, మెట్టు ఇంకా చీకటిగా కనపడుతుంది. డబ్బులు, ఓపిక ఉంటే మెట్టు పక్కన జానెడు ఎత్తులో ఇంకోటి, నిజానికి పైదానికంటే ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది. స్విచ్చు తలుపు లోపల, చెయ్యి చాపగానే అందాలి, మంచం మీంచి దిగి సింకు దాకా తడుముకుంటూ వెళ్ళి వేసేదైతే అత్తయ్యగారు వెయ్యరు. తడిసినా పోకుండా ఐపీ 65, అంతకంటే పైది 67 అని రాసున్నవి తీసుకోమనండి.

రంగు తెలుపు వద్దు. పసుపు, డబ్బా మీద 2700 గానీ 3000 గానీ కెల్విన్ అని ఉంటుంది, అది. తెల్ల లైటులో నీలం పాలు ఎక్కువ, పురుగులు దానికే ఎక్కువగా వస్తాయి, తొలకరి పడ్డాక ఉసిళ్ళు లేస్తే తలుపు పక్క తెల్ల లైటు ఉన్న బండిలో పడుకోవడం ఎవరివల్లా కాదు. పసుపైతే బొత్తిగా రావని కాదు, తగ్గుతాయి. సూర్యలంక వెళ్ళేవాళ్ళకి ఇంకో కారణం కూడా ఉంది, చలికాలం చివర్లో ఆ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, గుడ్లలోంచి వచ్చే పిల్లలు ఎటు వెలుగు ఎక్కువుంటే అటు పాకుతాయి, చీకట్లో సముద్రం మీద మెరుపుని చూసి వెళ్ళాల్సినవి మీ లైటు చూసి ఊరివైపు వచ్చేస్తాయి. ఒడ్డున పెట్టుకుంటే సముద్రం వైపు లైట్లు ఆపేసుకోండి, పిల్లలకి కూడా చెప్పండి, వాళ్ళయితే మర్చిపోరు.

పందిరి పట్టీ పెద్ద పనేం కాదు, పందిరి చుట్టుకునే గొట్టానికి కింద వైపుకి జరిపితే చాలు. అన్నయ్య అది చూడగానే మీరు చెప్పకముందే నవ్వుకుంటాడు. బ్యాటరీ తినేస్తున్నాయని మీవారు ఈ చిన్న లైట్లని తిడుతున్నారట, అది మాత్రం అన్యాయం. 6 వాట్ల లైటు 12 వోల్టుల మీద అర ఆంపియరు లాగుతుంది, రాత్రి పది గంటలు వెలిగినా 5 ఆంపియర్ అవర్లు, మీ 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అదో లెక్క కాదు. ఆ వెనక 40 వాట్లది అలా వెలిగితే 33 పైనే పోతుంది, దొంగ అక్కడున్నాడు.

ఆ వెనక లైటు సంగతి మాత్రం ఆప్షన్లలో కలపలేదు, కావాలనే. మిగతావన్నీ ఫంక్షను అయ్యేదాకా ఆగొచ్చు, అది ఆగకూడదు. నడిచే బండికి ముందు తెలుపు, వెనక ఎరుపు, వెనక తెలుపు వెలిగేది నంబరు ప్లేటు దగ్గర చిన్నదీ, రివర్సులో ఉన్నప్పుడు వెలిగేదీ, అంతే. రాత్రి హైవే మీద ఎదురుగా తెల్ల లైటు కనపడితే బండి తనవైపే వస్తోంది అనుకుంటాడు వెనకవాడు, లేదా కళ్ళు చెదిరి అసలు బండే కనపడదు. మిమ్మల్ని తిట్టిన లారీ డ్రైవరు మంచోడమ్మా, తిట్టి ఊరుకున్నాడు. కారు లైట్లతో సంబంధం లేకుండా నేరుగా కారవాన్ బ్యాటరీకి కలిపారు కాబట్టి అది వెలుగుతున్నట్టు డ్రైవింగు సీట్లో తెలిసే దారి లేదు. ఇంగ్లండు కారవాన్లలో కారు ఇంజను ఆన్ అవ్వగానే లోపలి లైట్లు, బయట తలుపు దగ్గరి, పందిరి లైట్లు అన్నీ వాటంతటవే కట్ అయ్యేలా రిలే, అంటే దానంతటదే పడే స్విచ్చు, ఉంటుంది. మీ అన్నయ్య స్కూలు బస్సుల్లో రిలేలు ఎన్నో బిగించి ఉంటాడు, ఒక్క మాట చెప్తే చాలు, కారు ప్లగ్గు తగిలించి ఇంజను ఆన్ చెయ్యగానే ఈ లైటు ఆరిపోయేలా చేసిపెడతాడు. కానీ అది ఆయన వచ్చినప్పటి సంగతి.

ఈలోపు, రేపు పొద్దున్న మీవారు కాలేజీకి బయల్దేరేలోగా, ఫ్యూజు పెట్టె తీసి ఆ ఒక్క ఫ్యూజు పీకించి మీ బీరువాలో పెట్టుకోండి.